ఒక రోజు ఆలస్యంగా విన్న పాటలు

వికారాబాద్, బాలికల హాస్టల్
జూన్ 22

ప్రియమైన సహస్రకు,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయక తప్పలేదు. మొన్న మా బి.ఎడ్. కాలేజీలో చెవి పరీక్షల క్యాంపు పెట్టారు. వరుసలో నా వెనక పద్మారాణి నిలబడింది. డాక్టరమ్మ నాతో అన్న మాటలన్నీ ఆమె విన్నది. పద్మారాణి దగ్గర ఏ మాటా రెండు రోజులకు మించి నిలవదని డిగ్రీలో మూడేండ్లు చూశాం కదా. పది రోజులు నోరు మూసుకొమ్మని బతిమాలాను. "ఉత్తగనేనా?" అన్నది. అందుకని రెండు ఆదివారాలు హాస్టల్‌లో నా వంతు కోడికూర ఆమెకే. ఆమె నోట వినకముందు నువ్వు ఈ సంగతి నా చేతిరాతలో చదవాలి.

సంగతి ఒక్కటే. నా ఎడమ చెవి వినబడదు.

కొంచెం తక్కువ వినబడటం కాదు. గడియారం తెచ్చి చెవికి ఆనించినా తెలియదు. ఆరేడేండ్లప్పుడు ఆ చెవి కారేది. మా అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసి దూది పెట్టేది. కారడం ఆగింది, వినబడటమూ ఆగింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నాయన ఇరవై ఏండ్లుగా నాపరాళ్లు కోసే మిషన్ దగ్గర పని చేస్తున్నాడు, ఆయన రెండు చెవులూ సగం సగం. అందుకని మా ఇంట్లో ఉప్పు అడగాలన్నా పక్క వీధికి వినబడేటట్టు అడుగుతారు. అట్లాంటి ఇంట్లో ఒక చెవితో బతకడం కష్టం కాదు.

కష్టం మనం డిగ్రీ కాలేజీకి వికారాబాద్ పోయే తాండూరు ప్యాసింజర్‌లో మొదలయింది.

నీకు గుర్తుండే ఉంటుంది. మొదటి సంవత్సరం, కాలేజీ తెరిచిన రెండో వారం. నువ్వు కిటికీ దగ్గరే కూర్చుంటావు, లేకుంటే కడుపులో తిప్పుతుంది. నేను నీ పక్కన. అంటే నువ్వు ఎప్పుడూ నా ఎడమ దిక్కు. ఆ రోజు నువ్వు ఫోన్ తీసి, ఇయర్‌ఫోన్ ఒకటి నీ చెవిలో పెట్టుకుని, రెండోది నన్ను అడగకుండానే నా చెవిలో పెట్టావు. నీ చేతికి అందింది ఎడమ చెవి. మీది పప్పు మిల్లు ఉన్న ఇల్లు, మాది కరణ్‌కోట తొవ్వలో రెండు రేకుల గదులు. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనొక్కదాన్నే. అక్కడ ఎవరితో ఎట్లా మాట్లాడాలో తెలియక రెండు వారాలుగా నోట్సులు చూస్తూ కూర్చునేదాన్ని. అలాంటిది నీ ఇయర్‌ఫోన్ ఒకటి నాకు పెట్టావు. "మంచిగుందా?" అన్నావు. నా చెవిలో ఏమీ లేదు. కుడి చెవి నిండా రైలు చప్పుడు. "మస్తుంది" అన్నాను.

ఆ ఒక్క మాట మూడేండ్లు నడిచింది. రెండో రోజే చెప్పవచ్చు. నెలకు చెప్పవచ్చు. ఆ తర్వాత చెబితే మొదటి రోజు ఎందుకు అబద్ధం ఆడావంటావని భయం వేసింది. నువ్వేమో అందరితో "శ్యామల లెక్క పాట వినేటోళ్లు లేరు, మొత్తం నా దిక్కు తిరిగి వింటది" అనేదానివి. నేను తిరిగేది నీ పెదవులు చూడటానికి, సహస్రా. నువ్వు మాట్లాడేది అందుకోవడానికి.

అయితే ఒకటి నమ్ము. పాట పేరు నీ ఫోన్ మీద చూసి గుర్తు పెట్టుకునేదాన్ని. ఇంటికి పోయి, నాయన ఫోన్‌లో అదే పాట వెతికి, కుడి చెవికి ఆనించుకుని రెండు మూడు సార్లు వినేదాన్ని. మరునాడు రైల్లో ఆ పాట గురించి నీతో మాట్లాడిన మాటలన్నీ నావే. వీణ ఎక్కడ ఆగుతుందో, ఏ మాట దగ్గర గొంతు వణుకుతుందో చెప్పినప్పుడు అవి నేను నిజంగా విని చెప్పినవే. నీ పాటలు నాకు నిజంగానే ఇష్టమయ్యాయి. కాకపోతే ప్రతి పాటా ఒక రోజు ఆలస్యంగా.

క్యాంపులో ఇచ్చిన కాగితం మీద "ఎప్పటి నుంచి?" అని ఒక గడి ఉంది. అందులో రాశాను. ముక్కూ మొఖం తెలియని కాగితానికి చెప్పిన మాట నీకు చెప్పలేదే అనిపించింది. చెవి పొరకు చిల్లు ఉందట. చిన్న ఆపరేషన్ చేస్తే కొంత రావచ్చు, రాకపోవచ్చు అన్నది డాక్టరమ్మ.

ఫోన్ ఎందుకు చేయలేదంటావు. నువ్వు మొదటి మాటకే నవ్వుతావు. నువ్వు నవ్వితే నేనూ నవ్వుతాను. అసలు మాట మళ్లీ వెనక్కి పోతుంది.

కోపం వస్తే, వచ్చిందని రాయి.

నీ
శ్యామల


తాండూరు
జూన్ 29

శ్యామలమ్మకు,

నీ ఉత్తరం వచ్చిననాడు మా ఇంట్ల పెద్ద గడబిడ అయింది. పోస్టుల వచ్చిందంటె ఏ నోటీసో అని మా అమ్మ చేతులు కడుక్కొని మరీ పట్టుకున్నది. "గీ కాలంల ఉత్తరం రాసేటోడు ఎవడే?" అని మహేష్ అన్న గుంజుకున్నడు. కవర్ మీద చేతిరాత చూసి "ఓ, శ్యామలనా" అని ఇచ్చేసిండు. మొఖం చిన్నగైంది పాపం.

ముందుగాల నవ్విన. నువ్వు చెప్పింది నిజమే, మొదటి మాటకే నవ్విన. తర్వాత మళ్ల చదివిన. పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట, మూడేండ్లు. నీ చెవిల వైరు బదులు ఉత్త దారం పెట్టినా మస్తుంది అనేదానివి కదనే. నేను ఒక్కో పాట నీ కోసం ఏరి పెట్టేదాన్ని. సోమవారం పొద్దుగాల ఏది, వానొచ్చిన నాడు ఏది, పరీక్ష చెడగొట్టుకున్న నాడు ఏది. నేను ఏరుడు ఏరుడే, నువ్వు నా మొఖం చూసుడు చూసుడే.

కోపం వస్తే రాయమన్నవ్. వచ్చింది. రాస్తున్న. చెవి పోయిందని కాదు. చెప్తే నేను కిటికీ సీటు ఇడిచిపెట్టనా? ఆ మాత్రం దాన్ని కాదనుకున్నవా నన్ను?

సరే, ఒక్కటి అడుగుత. సక్కగ చెప్పు. మూడో సంవత్సరం, జనవరి, మస్తు చలి. ధారూర్ దాటినంక నీకు ఒక పాట వినిపిచ్చిన. ఫోన్ల జాగ నిండింది, గిది ఉంచాల్నా తీసెయ్యాల్నా అని అడిగిన. నువ్వు "తీసెయ్" అన్నవ్. అది విని చెప్పినవా, వినకుండ చెప్పినవా?

ఎందుకు అడుగుతున్ననో ఇప్పుడు చెప్పను. నువ్వు మూడేండ్లు ఆగినవ్, నేను ఒక ఉత్తరం ఆగుత.

సహస్ర

ఇంకో మాట. పద్మారాణి ఆరో రోజే ఫోన్ చేసింది. "నాకు శ్యామల చెవి గురించి ఏం తెల్వదు" అని చెప్పనీకె చేసిందట. రెండో ఆదివారం కోడికూర నువ్వే తిను.

ఇంకోటి. పుస్తకంల లెక్క రాయకు. నువ్వు మాట్లాడినట్టు రాయి.


వికారాబాద్
జులై 6

సహస్రా,

కోపం వచ్చిందని రాసినందుకు సంతోషం. రాదేమోనని భయపడ్డాను.

నువ్వు అడిగినదానికి జవాబు: వినకుండా చెప్పాను.

ఎట్లా చెప్పానో కూడా రాస్తాను, దాచడానికి ఇంకేమీ మిగలకూడదు. రైల్లో నాకు ఒకటే ఆధారం, నీ చూపుడు వేలు. నీకు బాగా ఇష్టమైన పాట వస్తే టిఫిన్ డబ్బా మూత మీద వేలు ఆడుతుంది. కొంచెం ఇష్టమైతే పల్లవి దగ్గర ఆడి, చరణంలో ఆగుతుంది. అది చూసి "పల్లవే మంచిగుంది" అనేదాన్ని. నువ్వు "గదే, గదే" అని మురిసిపోయేదానివి. నీ ఇష్టాన్నే తిప్పి నీకు చెప్పేదాన్ని.

ఆ జనవరి రోజు కూడా వేలే చూశాను. మొదటి నుంచి చివరిదాకా అది కదలలేదు. మూత మీద అట్లాగే ఉంది. నీకు ఆ పాట అసలు నచ్చలేదు, తీసేయడానికి నా నోటి మాట ఒకటి కావాలి, అంతే అనుకున్నాను. అందుకని తీసేయ్ అన్నాను.

ఆ రోజు ఇంటికి పోయి వెతుకుదామంటే దానికి పేరు లేదు. నీ ఫోన్ మీద తారీఖు లాంటి అంకెలు మాత్రమే ఉన్నాయి. మరునాడు కూడా నేను వినని పాట అదొక్కటే. ఎవరిది, సహస్రా?

ఆపరేషన్ ఆగస్టు 25న. ఇంట్లో చెప్పాను. "గిన్నేండ్లు నాకు చెప్పకపోతివి బిడ్డ" అన్నాడు నాయన. "రెండుమాట్లు చెప్పిన నాయనా, నీకు వినబడలే" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వాం. అమ్మ నవ్వలేదు. లేచి వెల్లుల్లి నూనె సీసా తీసి బయట పెట్టి వచ్చింది. "నీకేం తెలుసమ్మా, నువ్వు చేయగలిగింది చేశావు" అంటే, "తెల్వకనే చేసిన, గదే బాధ" అన్నది. ఇప్పుడు నాతో మాట్లాడాలంటే చుట్టూ తిరిగి కుడి దిక్కు వచ్చి మరీ మాట్లాడుతున్నది. కూర ఏం చేయాలో అడగడానికి కూడా.

నేను మాట్లాడినట్టే రాయమన్నావు. చేయి ఇంకా వినడం లేదు. ప్రయత్నిస్తాను.

శ్యామల


తాండూరు
జులై 20

శ్యామలా,

అది నా పాట.

ఎవరో పాడింది నేను ఇష్టపడ్డ పాట కాదు. నేను కట్టింది, నేనే పాడింది. వేలు యాడికెళ్లి ఆడుతదే? ఊపిరే ఆడలే ఆరోజు.

మా మిల్లుల కాశమ్మ ఉన్నది కదా, పప్పు చెరిగే కాశమ్మ. నువ్వు వచ్చిననాడు నీకు బెల్లం పెట్టింది, ఆమెనే. ఆమె చాట చప్పుడు చిన్నప్పటి నుంచి నా చెవుల ఉన్నది. దాని మీద మాటలు పెట్టిన. సంచుల నడుమ కూసొని రికార్డు చేసిన, అక్కడైతే గొంతు గోడలకు తగిలి మోగదు. నాలుగు రోజులు ఫోన్ల పెట్టుకొని తిరిగి, ఎవరికి వినిపియ్యాలె అనుకుంటె నువ్వే యాదికొచ్చినవ్. నాది అని చెప్తె మొహమాటపడ్తవని చెప్పకుండ వినిపిచ్చిన. నువ్వు తీసెయ్ అన్నవ్. తీసేసిన. వికారాబాద్ స్టేషన్ వచ్చేసరికి ఆ పాట ఫోన్ల లేదు.

ఆనాటి నుంచి నోరు తెరిచి పాడలే. శ్యామల లెక్క వినేటోళ్లు లేరు, గామెనే వద్దంటె ఇంకెవరు ఉంచుకుంటరు అనుకున్న. గంతే.

ఇప్పుడు ఎందుకు అడిగిననో చెప్త. హైదరాబాద్‌ల ఒక సంగీతం కాలేజీల, శని ఆదివారాలు పాట నేర్పే కోర్సు ఉన్నది. మా నాయన తనకు తానే ఫారం తెచ్చి టీవీ పక్కన పెట్టిండు. "మా బాల్‌రాజ్ బిడ్డ చిన్నప్పుడు మస్తు పాడేది" అని ఎవరో ఆయన దగ్గర యాదిచేసిండ్రట. నా గొంతుతోటి పాడిన పాట ఒకటి మెమరీ చిప్పుల వేసి ఫారంతోటి ఇయ్యాలె. ఆగస్టు 20 ఆఖరు. "నింపినవా బిడ్డ?" అని నాయన రోజు అడుగుతడు. "ఆఁ, నింపుత" అంట. ఫారం మీద మహేష్ అన్న చాయ్ గిలాస మచ్చ కూడ పడ్డది. నేను మాత్రం పెన్ను పెట్టలే.

నీ ఉత్తరం చదివినంక ధైర్యం రావాలె కదా. రాలే. ఎందుకో ఇను. ఇప్పుడు నువ్వు మంచిగుంది అన్నా నేను నమ్మలేను. వినకుండనే మస్తుంది అనేదానివి. ఇప్పుడు నన్ను బాధపెట్టిన అని ఇంకింత గట్టిగ మస్తుంది అంటవ్. మరి ఎవరిని అడగాలె? మా అమ్మ నేను దగ్గినా మంచిగుందంటది. మహేష్ అన్నకు మిల్లు మిషన్ కూడ పాటనే. కాశమ్మను అడిగితె "నా మీద పాటనా?" అని సిగ్గుపడి లోపలికి పోయింది.

అయినా మొన్న మళ్ల సంచుల నడుమ కూసొని, సంచి మీద చాట లెక్క తాళం కొట్టుకుంట పాడిన. గొంతు తుప్పు పట్టింది. ఈ కవర్ల చిప్పు అంటించి పంపుతున్న. ఫోన్ల పంపొచ్చు, కానీ నువ్వు విన్నవా లేదా అని ఆ రెండు గీతలు నీలం రంగు అయ్యేదాక చూసుకుంట కూసుంట. నాతోటి కాదు.

నువ్వు అన్నమాట నమ్మేటట్టు చెప్పగలిగితె చెప్పు. లేకుంటె ఫారం అక్కడనే ఉంటది, చాయ్ గిలాస పెట్టుకోనీకె పనికొస్తది.

సహస్ర


వికారాబాద్
ఆగస్టు 4

సహస్రా,

నీ పాట విన్న. అలవాటు ప్రకారం ఆలస్యంగనే.

శనివారం ఇంటికి పోయిన. తాండూరు స్టేషన్ల దిగినంక మీ ఇంటి దిక్కు చూసుకుంట జరసేపు నిలబడ్డ. మీ ఇంటికి వస్తె నీ ఎదురుంగనే వినాలె. నువ్వు ఎదురుంగ ఉంటె నేను నీ వేలు చూస్త. అందుకే రాలే. ఆటో ఎక్కి ఇంటికి పోయిన.

చిప్పు నా ఫోన్ల పట్టదు, నాయన ఫోన్ల వేసి, ముందుగాల ఒక్కదాన్నే విన్న. ఎడమ దిక్కు గోడకు ఆనుకొని, ఫోన్ కుడి చెవికి పెట్టుకొని. మూడుమాట్లు. మస్తుంది అని రాయను. ఆ మాట నేను మూడేండ్లు వాడి వాడి అరగదీసిన, ఇంక నా నోట్ల అది చెల్లదు. ఏం విన్ననో అది రాస్త, నమ్ముతవో లేదో నీ ఇష్టం.

"రాయి పోయె, రవ్వ పోయె, గింజ నిలిచె చాటల." ఇక్కడ "నిలిచె" కాడ నీ గొంతు దిగి, దిగినకాడనే ఆగుతది. పక్కకు జరగదు. అక్కడ నేను పాట ఆపి మళ్ల మొదటి నుంచి పెట్టుకున్న. రెండో చరణంల ఉరుకుతున్నవ్, రైలు కదిలినంక ప్లాట్‌ఫారం మీద ఉరికినట్టు. "మనుమరాలు" అనే మాట సగమే వినబడ్డది. నా చెవి తప్పు కాదు, కుడి చెవి మంచిదే, డాక్టరమ్మ రాసిచ్చింది. మూడో చరణం కొత్తగ కట్టినట్టున్నవ్, అందుల కాశమ్మ లేదు. నువ్వే ఉన్నవ్, నీ బాధ ఉన్నది, ఎవరో నీ పాట వద్దన్నరని. అది నా మీద రాసినవ్. మంచిగనే రాసినవ్. కానీ ఈ పాట కాశమ్మది. ఈసారి విని చెప్తున్న: మూడో చరణం తీసెయ్.

అంతల మా అమ్మ వచ్చింది. కుడి దిక్కు వచ్చి కూసున్నది. ఆమెకు కూడ వినిపిచ్చిన.

"ఎవరే గీ పిల్ల?"

"మా సహస్ర, అమ్మా."

"మిల్లోళ్ల బిడ్డనా? ఎన్నడన్న చాట పట్టిందా?"

"ఏమో, తెల్వదు."

"పట్టలే. పట్టిన చెయ్యి గిట్ల కొట్టది. మూడుమాట్లు ఎగరేస్తె ఒకమాటు కొడ్తరు. గీ పిల్ల రెండిటికే కొడ్తున్నది. పప్పంత కింద పోసింది."

నేను నవ్విన. అమ్మ నవ్వలే. లేచి చాట తెచ్చింది, డబ్బాలకెళ్లి కందిపప్పు పోసుకున్నది, పాట మళ్ల పెట్టమన్నది. అమ్మ చెయ్యి ఒకదిక్కు, నీ పాట ఒకదిక్కు పోయినయి. ఇంకోమాటు పెట్టిన. కుదరలే. అప్పుడు అమ్మ "ఆపు జర" అని, నీ పల్లవి తానే అందుకున్నది. మూడు ఎగరేసి, "నిలిచె" కాడ కొట్టింది. సహస్రా, సరిగ్గ అక్కడనే కూసున్నది. ఎవరన్న ముందే కొలిచి పెట్టినట్టు. బడి మొఖం చూడని మా అమ్మ భాగమ్మ, డిగ్రీ చదివిన నీ తాళం దిద్దింది. నువ్వు వినుకుంట పెరిగినవ్, ఆమె పట్టుకొని పెరిగింది. గంతే తేడా.

మా నాయనకు ఏం వినబడలే. ఫోన్ మీద అరచెయ్యి పెట్టుకొని కండ్లు మూసుకున్నడు. పాట అయిపోయినంక "ఎవరో గట్టి పనే చేస్తున్నరు" అన్నడు. నాయన ఏ పాటకు గంత మాట అనంగ నేను చూడలే.

అదే చిప్పు తిప్పి పంపుతున్న. నీ పాట పక్కన ఇంకోటి ఉన్నది, దానికి పేరు పెట్టిన, "అమ్మ చాట" అని. అందుల పాట లేదు, ఉత్త చాట చప్పుడే. రెండుమాట్లు మా ఇంటి కోడి కూడ అరిచింది, పట్టించుకోకు. మూడుకు ఒకటి లెక్క చేతికి వచ్చేదాక, కాశమ్మ పక్కన కూసొని నువ్వే చాట పట్టు. పప్పు కింద పడితె పడనీ, మీకు పప్పుకు కరువు లేదు. తర్వాత దాని మీద పాడు.

ఇంక నేను అడిగేది. ఫారం పోస్టుల వెయ్యకు. ఆగస్టు 18 సోమవారం పొద్దుగాల ఇద్దరం పోయి ఇచ్చొద్దాం. నువ్వు తాండూరుల ఎక్కు, నేను వికారాబాద్‌ల ఎక్కుత. చాయ్ మచ్చ ఉంటె ఉండనీ. నా ఆపరేషన్ 25న, అది అయినంక ఎన్ని రోజులు కట్టు ఉంటదో తెల్వదు. అంతకు ముందే ఆ పాట కొత్తగ పాడింది వినాలె, అది కూడ నీతోటి కలిసి, అదే రోజు, ఆలస్యం లేకుండ.

కిటికీ సీటు నాకు ఆపిపెట్టు. నువ్వు నా కుడి దిక్కు కూసో. కడుపుల తిప్పితె వాసన చూడనీకె నిమ్మకాయ తెస్త. నీ వేలు ఆడనీ, ఆడకపోనీ, నేను చూడను. కిటికీ దిక్కు మొఖం పెట్టి, కండ్లు మూసుకొని వింట. తర్వాత ఏం విన్ననో చెప్త. నచ్చకపోతె నచ్చలే అంట. నువ్వు అలుగుతవ్. అలుగు.

వస్తవా, రావా? పోస్టు ఇక్కడికి రెండు మూడు రోజులు పడుతున్నది. అందుకని ఆగస్టు 13 బుధవారం లోపల నాకు అందేటట్టు జవాబు రాయి.

నీ
శ్యామల